కొత్తగా క్యారవాన్ కట్టించినాం. లిస్టులో 38 వస్తువులు ఉన్నాయి, ఏవి నిజంగా కావాలి?

చంద్రగిరి_కొత్తబండి | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణే, రాయడం ఇదే మొదలు.

సెకండ్ హ్యాండ్ ట్రావెలర్ వ్యాను ఒకటి కొని, లోపల మంచాలు, చిన్న వంటగట్టు, అరలు కట్టించినాం. మొన్న సోమవారం బండి ఇంటికొచ్చింది. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మకి 71. మోకాళ్లు బాగా పోయినాయి, దాబాల్లో కింద కూర్చునే టాయిలెట్టుకి వెళ్లలేక నాలుగేళ్లుగా ఊరు కదలడం మానేసింది. నిజం చెప్పాలంటే బండి కొన్నది దానికోసమే.

ఇప్పుడు సమస్య. ఇంగ్లీషు వీడియోలు చూసి నేనొక లిస్టు రాసుకున్నా. 38 వస్తువులు వచ్చినాయి. అన్నీ ఆన్‌లైన్‌లో బుట్టలో వేసి చూస్తే గుండె ఆగినంత పనయింది. ఇప్పటికే కట్టించిన ఖర్చు అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లయింది. నెలాఖరుకి హార్స్‌లీ హిల్స్ వెళ్దామని పిల్లలకి మాటిచ్చినా. అప్పటికి ఏవి లేకపోతే నడవదో, ఏవి తర్వాత చూసుకోవచ్చో చెప్పండి.

బండిలో ఇప్పుడున్నవి: 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, 1500 వాట్ల ఇన్వర్టర్, పైన 330 వాట్ల సోలార్ ప్యానెల్, 60 లీటర్ల నీళ్ల ట్యాంకు, ఐదు కేజీల గ్యాసు సిలిండరు. అన్నీ బిగించి ఇచ్చినారు. రంగురంగుల ఎల్ఈడీ లైట్లు మాత్రం అడక్కుండానే మూడు వరసలు వేసినారు, లోపలికి పోతే పెళ్లి పందిరే.

మదనపల్లె_మబ్బు | శుక్రవారం రాత్రి 9:40

శుభాకాంక్షలు అన్నా. తిట్టుకోవద్దు గానీ, ఆ డబ్బుతో పదేళ్లు మంచి లాడ్జిల్లో దిగొచ్చు కదా?

చంద్రగిరి_కొత్తబండి | శుక్రవారం రాత్రి 9:44

దిగొచ్చు తమ్ముడూ. లాడ్జికీ లాడ్జికీ మధ్య నూరు కిలోమీటర్లలో అమ్మకి బాత్రూం ఎవరిస్తారు?

మదనపల్లె_మబ్బు | శుక్రవారం రాత్రి 9:46

ఒప్పుకున్నా. ఇంక మాట్లాడను.

డల్లాస్_చిత్తూరోడు | శుక్రవారం రాత్రి 10:30

మాది చిత్తూరే, గిరింపేట. ఇక్కడ డల్లాస్‌లో ఏడేళ్లుగా ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు) వాడుతున్నా. మీరు చూసిన వీడియోలు మావైపువి, అందుకే లిస్టు అంత పొడుగుంది. ఇక్కడ కొత్తగా ఆర్‌వీ (ఇలాంటి ఇల్లు బండి) కొన్నవాళ్లు మొదట కొనేవి చెప్తా, అందులో మీకు పనికొచ్చేవేవో మీరే తేల్చుకోండి.

ఇక్కడ చాలా క్యాంప్‌గ్రౌండుల్లో జాగా దగ్గరే కరెంటు స్తంభం, నీళ్ల కొళాయి, మురుగు గొట్టం మూడూ ఉంటాయి. కరెంటు 30 ఆంపియర్లదైతే 120 వోల్టుల మీద 3600 వాట్లు. 50 ఆంపియర్లదైతే 12000 వాట్ల దాకా. దానికి సర్జ్ ప్రొటెక్టర్, అంటే కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే కాపాడేది, తప్పనిసరి. కొళాయి ప్రెషరు ఒక్కోచోట బండి గొట్టాలు పగిలేంత ఉంటుంది, అందుకని ప్రెషర్ రెగ్యులేటరు. తాగేనీళ్లకి వేరే గొట్టం. మురుగుకి మూడంగుళాల లావు గొట్టం, చేతికి గ్లవ్స్. చక్రాల కింద ఎత్తు సరిచేసే దిమ్మెలు, కదలకుండా అడ్డు దిమ్మెలు.

మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్తా. టాయిలెట్ ట్యాంకు వాల్వు తెరిచిపెట్టి వారం ఉంచినా, పోయేది పోతూ ఉంటుంది కదా అని. నీళ్లన్నీ జారిపోయి, గట్టిది మాత్రం ట్యాంకులో పుట్టలాగా గట్టిపడిపోయింది. దాన్ని వదిలించడానికి పట్టిన రెండు రోజుల గురించి భోజనాల వేళ చెప్పకూడదు. ట్యాంకు నిండేదాకా వాల్వు మూసిపెట్టాలి. ముందు టాయిలెట్ ట్యాంకు వదలాలి, తర్వాత స్నానం నీళ్లది వదిలితే ఆ నీళ్లే గొట్టాన్ని కడుగుతాయి.

మీకు అక్కడ మురుగు గొట్టం ఎలాగూ ఉండదు కాబట్టి ఆ సామానంతా కొట్టేయండి. మిగతావి మనవాళ్లు చెప్తారు.

రేణిగుంట_వైరింగ్ | శనివారం ఉదయం 6:15

అన్నా, ఒక్క వస్తువు కూడా కొనద్దు. ముందు ఇన్వర్టర్ కాడికి పోయి బ్యాటరీ నుంచి వచ్చే వైరు లావు చూసి చెప్పు. ఫొటో తీసి పెట్టు. బ్యాటరీ ప్లస్ పక్కన ఫ్యూజు ఉండాదా లేదా అదీ చూడు.

చంద్రగిరి_కొత్తబండి | శనివారం ఉదయం 8:02

ఫొటో పెట్టినా. ఎర్ర వైరు, దానిమీద 6 స్క్వేర్ ఎమ్ఎమ్ అని రాసుంది. ఫ్యూజు కనపడలేదు. ఏమన్నా ప్రమాదమా?

రేణిగుంట_వైరింగ్ | శనివారం ఉదయం 8:20

ప్రమాదమే అన్నా. ఇన్వర్టర్ ఆపెయ్యి. ఈరోజు దాన్ని వాడద్దు.

లెక్క చూడు. 1500 వాట్లు 12 వోల్టుల మీద లాగితే 125 ఆంపియర్లు. ఇన్వర్టర్ తినేది కూడా కలుపుకుంటే 140 దాకా పోతాది. 6 ఎమ్ఎమ్ వైరు 40 ఆంపియర్లు మోస్తే గొప్ప. ఇంట్లో 230 వోల్టుల మీద ఏసీకి ఆ వైరు సరిపోతాది కాబట్టి, ఇక్కడా సరిపోతాదనుకుని వేస్తారు. వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయనేది మర్చిపోతారు. ఒకటిన్నర మీటరు దూరానికి 50 ఎమ్ఎమ్ రాగి వైరు వేయించు. బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరం లోపల 200 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించు. వైరు కొసన బిగించే లగ్గులు కటింగ్ ప్లయరుతో నొక్కింది కాకుండా హైడ్రాలిక్ క్రింపింగుతో నొక్కాల.

పోయినేడాది నా కాడికొచ్చిన బండి చెప్తా. భాకరాపేట ఘాట్ ఎక్కుతా ఎక్కుతా లోపల మిక్సీ వేసినారంట చెట్నీకి. మిక్సీ ఆగిపోయింది, బెల్లం పాకం మాడినట్టు వాసన. దిగి అర తెరిస్తే వైరు మీద ఎర్ర తొడుగు మెత్తబడి, కింద ప్లైవుడ్డుకి అతుక్కుపోయుండాది. నా షెడ్డులో దాన్ని పీకితే ప్లైవుడ్డు మీద వైరు ఆకారంలో నల్లగా కాలిన గీత, వేలు పెడితే బొగ్గు అంటింది. ఇంకో అయిదు నిమిషాలు మిక్సీ తిరిగుంటే బండి మిగిలేది కాదు. ఆ ప్లైవుడ్డు ముక్క ఇంకా దాచిపెట్టినా, వచ్చినోళ్లకి చూపిస్తాండా.

చంద్రగిరి_కొత్తబండి | శనివారం ఉదయం 8:31

చేతులు వణుకుతున్నాయి. ఇన్వర్టర్ ఆపేసినా.

పలమనేరు_వంటిల్లు | శనివారం ఉదయం 10:05

భయపడకండి అన్నయ్యా, బయల్దేరకముందే తెలిసింది, అదే అదృష్టం.

మేము నాలుగేళ్లుగా తిరుగుతున్నాం, మా ఆయన, నేను, పాప. వంటవైపు నేను చెప్తా. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. అందుకే సిలిండరు పెట్టే అర అడుగున బండి బయటికి రంధ్రం ఉండాలి, మీ బండికి ఉందో లేదో వంగి చూడండి. గ్యాసు అలారం కూడా కింద, మోకాలి ఎత్తులోపే బిగించాలి. చాలామంది పొగ అలారంలాగా పైకప్పుకి కొట్టేస్తారు, దండగ. ఆరెంజి రంగు సురక్షా గొట్టం ఐఎస్ఐ గుర్తుది వాడండి, దానిమీద ఉన్న తేదీ చూసి ఐదేళ్లకి మార్చేయండి. బండి కదిలేముందు రెగ్యులేటర్ ఆపేయడం పిల్లలకి కూడా నేర్పించండి. మా పాప బెల్టు పెట్టుకునే ముందు "అమ్మా గ్యాసు" అని అరుస్తుంది.

మంటలార్పే రెండు కేజీల ఏబీసీ పౌడరు ఫైర్ సిలిండరు ఒకటి తలుపు పక్కన. వంటగట్టు వెనక కాదు. మంట వచ్చేదే వంటగట్టు దగ్గర, దాని వెనక పెడితే చెయ్యి ఎలా పెడతారు?

సామాన్లలో నా మాట వింటే: మూడు లీటర్ల కుక్కరు, ఒక బాండ్లీ, ఒక దోసె పెనం, మూతలున్న స్టీలు డబ్బాలు. అంతే. పచ్చడి సీసాలు గాజువి వద్దు. మొగిలి ఘాట్‌లో మా ఆవకాయ సీసా ఒకటి దొర్లి పగిలింది. ఇప్పటికీ ఎండ ఎక్కితే బండిలో ఆవపిండి వాసనే.

పుత్తూరు_స్టీరింగ్ | శనివారం మధ్యాహ్నం 1:50

అందురూ లోపల సామాన్లు చెప్తాండారు గానీ బండి సంగతి ఎవురూ మాట్లాడలే. నేను 35 ఏండ్లు లారీ తోలినా. ఇప్పుడు మనవళ్లతో ఒక డబ్బా బండి.

అబ్బయా, అన్నీ నింపినాక, నీళ్లు, గ్యాసు, మీ అయిదుగురు, పడకలు, దేవుడి పటం అన్నీ ఎక్కినాక ఒక్కతూరి కాటాకి పో. రేణిగుంట రోడ్డులో లారీలు నిలబడే కాటా ఏదైనా సరే. మొత్తం బరువు వేయించు, తర్వాత ముందు చక్రాలొక్కటే ఎక్కించి వేయించు. ఆర్సీలో రాసుండే బరువు దాటిందంటే ఇంక నీ 38 వస్తువుల లిస్టు చించేసేయి. 60 లీటర్ల నీళ్లంటే 60 కేజీలు కదప్పా, ఊరికే రాదు. ట్యాంకు, బ్యాటరీ, సిలిండరు మూడూ ఒకే పక్క పెట్టుంటే బండి ఆ పక్కకి ఒరిగి పోతాది, మలుపులో తెలుస్తాది.

టైర్లు. సెకండ్ హ్యాండ్ బండి కదా, టైర్లు బాగుండాయని నమ్మొద్దు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైంది అని అర్థం. ఆరేడేండ్లు దాటిన టైరు చూసేదానికి కొత్తగానే ఉంటాది, ఎండలో ఎక్కువ బరువుతో పోతాంటే పేలతాది. స్టెప్నీ కూడా చూడు, అదే అందరికన్నా ముసలిది.

కారుకి గాలి కొట్టే చిన్న డబ్బా కంప్రెసర్ కొనొద్దు. నీ బండికి అంత ప్రెషరు ఎక్కించే లోపల అదే కాలిపోతాది. పెద్దది కొను, లేకపోతే పెట్రోలు బంకులో కొట్టించుకో.

ఇంగ చక్రాల కింద అడ్డం. దుకాణంలో ప్లాస్టిక్కువి అమ్ముతారు, అవి వద్దు. కట్టెల అడితీకి పోయి వేప దుంగ మూలకోసి రెండు ముక్కలు అడుగు, ఒక్కోదానికి తాడు కట్టుకో. హ్యాండ్ బ్రేకు ఒక్కదాన్నే నమ్మి ఘాట్‌లో నిలబెట్టొద్దు.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కినావో అదే గేరులో దిగు. తిరుమల కొండమీద నుంచి కిందికి దిగే ఘాటు రోడ్డులో 40 నిమిషాలకన్నా ముందొస్తే ఎందుకు జరిమానా వేస్తారనుకుంటాండావు? బ్రేకు తొక్కుతా తొక్కుతా దిగితే లైనింగు వేడెక్కి, ఆఖరికి పెడలు తొక్కినా పట్టదు.

చంద్రగిరి_కొత్తబండి | శనివారం మధ్యాహ్నం 2:15

మామా, స్టెప్నీ చూసినా. 0914 అని ఉంది. అంటే 2014, తొమ్మిదో వారం?

పుత్తూరు_స్టీరింగ్ | శనివారం మధ్యాహ్నం 2:18

దాన్ని తీసి వాకిట్లో పూలకుండీ చేసుకో.

మోడరేటర్ | శనివారం సాయంత్రం 5:00

కొత్తవాళ్లకి కాగితాల సంగతి గుర్తు చేస్తున్నా, ప్రతిసారీ ఎవరో ఒకరు ఇక్కడే ఇరుక్కుంటారు. బండి తయారైనప్పటి రూపాన్ని మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి ఉండాలి, ఆ మార్పు ఆర్సీలో ఎక్కాలి. మోటారు క్యారవాన్లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది. మీకు కట్టిచ్చినవాళ్లు ఏ కాగితాలు ఇచ్చారో చూసుకోండి. ఇన్సూరెన్సు కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే క్లెయిము దగ్గర తలనొప్పి. లైసెన్సు గురించి అడిగేవాళ్లకి: మొత్తం బరువు 7,500 కేజీల లోపు బండికి ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది.

ఈ థ్రెడ్‌లో ఏ వర్క్‌షాపు పేరూ రాయకండి. వైరు ఫొటో చూసి నలుగురు నాకు మెసేజ్ పెట్టారు "ఎవరు కట్టింది" అని. చెప్పను.

రేణిగుంట_వైరింగ్ | శనివారం రాత్రి 9:10

పనైపోయి ఇప్పుడే కూర్చున్నా. బయట కరెంటు తీసుకునేదాని గురించి చెప్పాల.

డల్లాస్ అన్న చెప్పినట్టు మనకి స్తంభాలు లేవు. మనకి ఉండేది మామిడితోపులో మోటారు షెడ్డు, లేకపోతే హోంస్టే వరండాలో ఆరు ఆంపియర్ల సాకెట్టు. దామలచెరువు పక్కన ఒక తోపులో బండి నిలిపినా ఒకసారి. తోట మనిషి మంచోడు, "తీసుకో నాయనా" అని స్టార్టరు పెట్టె తెరిచి రెండు వైర్లు చెక్కాడు, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చినాడు. ప్లగ్గు పెట్టేముందు వోల్టుమీటరు పెట్టి చూసినా: 408. రెండు ఫేజుల మధ్య తీసినాడు. అది 415 వోల్టుల లైను. ప్లగ్గు పెట్టుంటే ఛార్జరు, ఫ్రిజ్జు, టీవీ అన్నీ ఒక్క దెబ్బకి పొయ్యేవి.

కాబట్టి కొనాల్సినవి. ఒకటి, ఎక్కువ తక్కువ వోల్టేజీకి దానంతటదే కట్టయ్యే ప్రొటెక్టరు, అంకెలు కనపడేది. రెండు, బండి లోపలికి కరెంటు వచ్చే చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్టు చేసే స్విచ్చి. ఎర్తు లేని ఊర్లో బండి బాడీకి కరెంటు దిగితే తలుపు పట్టుకున్నోళ్లు పోతారు, వానలో తడిసిన కాళ్లతో దిగేది పిల్లోళ్లే. మూడు, మూడు లైట్ల సాకెట్టు టెస్టరు. దుకాణంలో చవగ్గా దొరకతాది. ఎర్తు ఉండాదా, ఫేజు న్యూట్రల్ తిరగబడిందా ఒక్క సెకనులో చెప్తాది. నాలుగు, 2.5 ఎమ్ఎమ్ మూడు కోర్ల వైరు 15 మీటర్లు. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పు. చుట్టగా ఉండగానే లోడు వేస్తే లోపల వేడి పోక కరిగిపోతాది.

పలమనేరు_వంటిల్లు | శనివారం రాత్రి 9:25

వైరింగ్ అన్నా, ఏసీ సంగతి కూడా చెప్పేయండి. అన్నయ్య ఎలాగూ అడుగుతారు.

రేణిగుంట_వైరింగ్ | శనివారం రాత్రి 9:48

ఏసీ రాత్రంతా ఆ బ్యాటరీ మీద నడవదు. 100 ఆంపియర్ అవర్ అంటే 1280 వాట్ అవర్లు. చిన్న ఏసీ గంటకి వెయ్యి తింటాది. గంటంబావు చల్లగా పడుకుని తర్వాత చెమటలో లేస్తావు.

అదే బ్యాటరీ మీద ఏం నడుస్తాదో చూడు. 12 వోల్టుల చిన్న ఫ్రిజ్జు 45 వాట్లు, సగం సేపు తిరిగినా రోజుకి 540. రెండు చిన్న ఫ్యాన్లు 20 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు, 320. లైట్లు, ఫోన్లు కలిపి నూరు. మిక్సీ 750 వాట్లదైనా అయిదు నిమిషాలే కదా, 60. మొత్తం వెయ్యి చిల్లర. నీ ప్యానెల్ మన ఎండకి రోజుకి అంత వరకూ ఇస్తాది. మబ్బుంటే ఇవ్వదు, అప్పుడు బండి నడిచేటప్పుడు ఛార్జు కావాల. దానికి డీసీ టు డీసీ ఛార్జరు 30 ఆంపియర్లది పెట్టించు. ఆల్టర్నేటరు నుంచి సీదాగా వైరు లాగొద్దు, లిథియం ఎంతిస్తే అంత తాగతాది, ఆల్టర్నేటరు కాలతాది. 30 ఆంపియర్ల మీద తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్ పోయే మూడు గంటల్లో బ్యాటరీ దాదాపు నిండుతాది.

ఇండక్షన్ స్టవ్ బుట్టలో ఉంటే తీసెయ్యి.

చంద్రగిరి_కొత్తబండి | శనివారం రాత్రి 9:51

ఉంది. తీసేసినా. చిన్న పెట్రోలు జనరేటరు కూడా చూసినా, ఏసీకి.

పుత్తూరు_స్టీరింగ్ | శనివారం రాత్రి 10:02

వద్దే వద్దు. 2024 డిసెంబరులో కేరళలో వడకర కాడ రోడ్డు పక్కన నిలిపిన క్యారవాన్‌లో ఇద్దురు నిద్రలోనే పోయినారు. జనరేటరు పొగ లోపలికి దూరింది, కార్బన్ మోనాక్సైడు. దానికి వాసనుండదు, రంగుండదు, దగ్గు రాదు. ఇంజను ఆన్ చేసి ఏసీ వేసుకుని పడుకునేది కూడా అట్లాంటిదే.

డల్లాస్_చిత్తూరోడు | శనివారం రాత్రి 10:20

మామ మాట నూటికి నూరు. జనరేటరు కొన్నా కొనకపోయినా కార్బన్ మోనాక్సైడు అలారం ఒకటి కొనండి, బ్యాటరీది. గ్యాసు అలారం కింద, ఇది పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో. పక్కన ఎవరో నిలిపిన లారీ ఇంజను ఆన్‌లో ఉన్నా పొగ మీ కిటికీలోకే రావొచ్చు.

అలిపిరి_అక్క | ఆదివారం ఉదయం 7:30

ఎవరూ టాయిలెట్టు గురించి మాట్లాడలేదే. తమ్ముడు బండి కొన్నదే అమ్మ కోసం అన్నాడు కదా!

మా అత్తగారితో నాలుగు ట్రిప్పులు తిరిగినాం, ఆమెకి 76. మేము వాడేది కుర్చీలాంటి పోర్టబుల్ టాయిలెట్టు, కింద 20 లీటర్ల డబ్బా విడిగా ఊడొస్తుంది. ఐదుగురు వాడితే తొందరగా నిండిపోతుంది. ఒక్క పెద్దావిడ వాడితే నాలుగు రోజులు. మేమందరం బయట చూసుకుంటాం, అది అత్తమ్మది మాత్రమే. నిండినాక ఎక్కడైనా మామూలు టాయిలెట్టులో నెమ్మదిగా వంచి, బకెట్టు నీళ్లు పోస్తే చాలు. పోయించుకునేవాళ్లని ముందే అడగాలి, కొంచెం చేతిలో పెట్టాలి. కాలవలో, అడవిలో వంచే మనుషులున్నారు, వాళ్ల గురించి మాట్లాడితే నా నోరు మంచిది కాదు.

అంతకన్నా ముఖ్యమైనది: కుర్చీ ఎత్తు. మీరు టేపు తీసుకుని ఇంట్లో అమ్మ సులువుగా లేచే కుర్చీ ఎంతుందో కొలవండి. పోర్టబులువి పొట్టిగా ఉంటాయి. మేము కింద చెక్కపెట్టె చేయించినాం. పక్కన గోడకి పట్టుకునే స్టీలు కడ్డీ. దాన్ని ప్లైవుడ్డుకి కాదు, లోపలి ఇనుప ఫ్రేముకి బోల్టు వేయించండి, మనిషి బరువంతా దానిమీదే పడుతుంది. రాత్రి లేచినప్పుడు కాలి దగ్గర సన్నగా వెలిగే చిన్న లైటు. మీ పెళ్లిపందిరి లైట్లలో ఒక వరస దానికి మళ్లించండి.

కొండకి వెళ్లాలనుకుంటే ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పైన నిషేధం, స్టీలు బిందె, స్టీలు సీసాలు పెట్టుకోండి. అలిపిరి తనిఖీలో అరలన్నీ తెరిపిస్తారు, త్వరగా తెరిచేలా సర్దుకోండి.

మదనపల్లె_మబ్బు | ఆదివారం ఉదయం 8:05

అరలంటే గుర్తొచ్చింది. తలకోన పోయేటప్పుడు మా ఫ్రెండు వాళ్ల క్యారవాన్‌ని అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర ఆపి మంచాల కింద కూడా టార్చి వేసి చూసినారు, ఎర్రచందనం దుంగలేమన్నా ఉన్నాయా అని. ఉన్నవి దుప్పట్లు. కిటికీ దోమతెర తలకోనలో కోతి చించింది, అరటిపళ్లు పోయినాయి, అది వేరే కథ.

పలమనేరు_వంటిల్లు | ఆదివారం ఉదయం 8:40

కోతుల ఊర్లో దోమతెర స్టీలు జాలీది వేయించండి. గుడ్డది ఒక్క గీకుకి పోతుంది.

అన్నయ్యా, హార్స్‌లీ హిల్స్ వెళ్లేముందు ఒక పని చేయండి. రెండు రాత్రులు మీ ఇంటి వాకిట్లోనే బండిలో పడుకోండి, అందరూ, అమ్మతో సహా. ఇంట్లోకి వెళ్లి ఏమీ తెచ్చుకోకూడదు. ఏదన్నా కావాలనిపిస్తే తెచ్చుకోకుండా కాగితం మీద రాయండి. పొద్దున ఆ కాగితం మీద ఉన్నవే కొనండి.

చంద్రగిరి_కొత్తబండి | ఆదివారం ఉదయం 9:15

ఇది నచ్చింది. వైరింగ్ అన్న బుధవారం వైరు మారుస్తానన్నాడు. గురు, శుక్రవారం రాత్రులు వాకిట్లో పడుకుంటాం. పిల్లలు ఇప్పుడే దిండ్లు మోసేస్తున్నారు.

చంద్రగిరి_కొత్తబండి | తర్వాతి శనివారం ఉదయం 11:20

రెండు రాత్రులూ పడుకున్నాం. కాగితం మీద ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా.

బకెట్టు, చెంబు. (38లో లేవు.) చీపురు. (లేదు.) చెప్పులు విప్పుకోవడానికి బయట ఒక పట్టా. తలుపు దగ్గర తువ్వాలు ఆరేసుకునే తాడు. తలకి కట్టుకునే లైటు ఒకటి, ఫోను నోట్లో పెట్టుకుని బ్యాటరీ అర చూడాల్సొచ్చింది. పప్పు గిన్నె మూత. అద్దాలకి లోపల పెట్టే వెండిరేకు తెర, ఆరున్నరకే ఎండ మొహం మీద పడింది.

నీళ్ల పంపు రాత్రి రెండింటికి దానంతటదే టక్ టక్ టక్ అని మోగింది, అందరం లేచినాం. ఎక్కడో లీకన్నమాట. సింకు కింద చెయ్యి పెడితే గొట్టం క్లిప్పు తడిగా ఉంది, స్క్రూడ్రైవరుతో బిగిస్తే ఆగింది. పడుకునేముందు పంపు స్విచ్చి ఆపేయడం అలవాటు చేసుకున్నాం.

బండి ఒక పక్కకి వాలి ఉందని రాత్రంతా పిల్లలు నామీదికి దొర్లినారు. మేస్త్రీని అడిగి పాత రసమట్టం తెచ్చుకున్నా, వంటగట్టు మీద పెట్టి చూసి, ఎడమ చక్రం కింద పలక పెట్టినా. 38లో దీనికోసం బ్లూటూత్ యంత్రం రాసుకున్నా, ఫోనులో బొమ్మ చూపించేది.

కాటా కూడా అయింది మామా. నీళ్లతో, అందరితో కలిపి ఆర్సీ బరువుకి 140 కేజీలు తక్కువ. ఎడమపక్క కొంచెం ఒరిగింది నిజమే, బ్యాటరీ కుడివైపు మార్పించినా. స్టెప్నీ కొత్తది. వైరు, ఫ్యూజు, ప్రొటెక్టరు, ఆర్‌సీసీబీ, రెండు అలారాలు, ఫైర్ సిలిండరు పెట్టించినా. గ్యాసు అర కింద రంధ్రం లేదు, చేయించినా. వేప దిమ్మెలు అడితీలో ఊరికే ఇచ్చినారు. లిస్టులో 38కి గాను తొమ్మిది కొన్నా. కాఫీ యంత్రం, మడత బల్ల, వైఫై బూస్టరు, బయట వేసే తెర అన్నీ తర్వాత.

ఒక్కటి మాత్రం తేలలేదు. బండి మొదటి మెట్టు నేలనుంచి 17 అంగుళాలుంది. అమ్మ ఎక్కలేకపోయింది. ప్లాస్టిక్ స్టూలు వేస్తే జరిగింది, నేను పట్టుకోకపోతే పడేది. "నేను ఇంట్లోనే పడుకుంటాలే నాయనా, మీరు పడుకోండి" అని వెళ్లిపోబోయింది. ఇద్దరం పట్టి ఎక్కించినాం, లోపల బాగానే పడుకుంది, టాయిలెట్టు ఎత్తు కూడా సరిపోయింది. కానీ ప్రతిసారీ ఇద్దరం పట్టుకోవాలంటే ఆవిడ దిగదు, నాకు తెలుసు. ఆన్‌లైన్‌లో మడత మెట్లు చూస్తే అన్నీ ఒకే ఎత్తు, పక్కన కడ్డీ లేదు.

అలిపిరి_అక్క | శనివారం ఉదయం 11:45

కొనకండి, చేయించండి. రెండు మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలు మించకూడదు. మెట్టు వెడల్పు పాదం మొత్తం పట్టాలి. రెండు పక్కలా కడ్డీ.

పుత్తూరు_స్టీరింగ్ | శనివారం మధ్యాహ్నం 12:10

మా తమ్ముడికి పుత్తూరులో వెల్డింగు షాపుండాది. చెక్కరు ప్లేటుతో చేపిస్తా, జారదు. కింద కాళ్లకి రబ్బరు బుష్షులు. బండికి కొక్కీతో తగిలించుకునేట్టు చేస్తే జరగదు. రేపు ఆదివారం ఖాళీగా ఉంటాడు, బండి తీసుకురా. అమ్మని కూడా తీసుకురా అబ్బయా, కాలెంత లేస్తాదో చూసి కోస్తాడు.

చంద్రగిరి_కొత్తబండి | శనివారం మధ్యాహ్నం 12:14

పదింటికి వస్తాం మామా. అమ్మ ముందు సీట్లో కూర్చుంటానంటోంది, అక్కడ ఎక్కడానికి కడ్డీ ఉందంట, తనే కనిపెట్టింది.

పుత్తూరు_స్టీరింగ్ | శనివారం మధ్యాహ్నం 12:20

తొమ్మిదిన్నరకే రా. పదైతే కరెంటు పోతాది.